కారు రేడియోకు ఇంటి విద్యుత్తు

హనుమంతునిపాడు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు మెట్ట ప్రాంతాలు. ఊరికీ ఊరికీ దూరం ఎక్కువ. అందుచేత ట్రాక్టరు, జీపు, ఆటో, కారు ఇక్కడి జీవనంలో భాగమైపోయినవి. వాహనం పాతబడి మూలకు చేరినా దానిలోని రేడియో సెట్టు, లౌడుస్పీకర్లు, దీపాలు, టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. వాటిని విప్పి తెచ్చి ఇంటిలో వాడుకొనవలెననే కోరిక సహజమైనది. భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి ఇది మంచి అభ్యాసం కూడాను. అయితే ఈ పనిలో తొందరపడితే సెట్టు కాలిపోవచ్చును. అంతకంటె ముఖ్యమైన విషయం, ప్రాణానికే ముప్పు రావచ్చును.

ఈ పనికి పూనుకొనేవారు ముందుగా మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనవలె. సాధనానికి కావలసిన వోల్టులెన్ని? అది తీసుకొనే ఆంపియర్లెన్ని? దానికి విద్యుత్తునందించే పెట్టె ఇంటి లైనునుండి పూర్తిగా వేరుపడి ఉన్నదా? మొదటి రెండు ప్రశ్నలు సెట్టును కాపాడుతాయి. మూడవది మనిషిని కాపాడుతుంది.

వాహనంలోని విద్యుత్తు, ఇంటిలోని విద్యుత్తు

ఇంటిలోని విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర ప్రవాహం. అనగా ఎ.సి. అది సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. ఒక్కొక్క ఆవృత్తిలో ప్రవాహం రెండుసార్లు దిశ మార్చుకొంటుంది. వాహనంలోని బ్యాటరీ ఇచ్చేది ఏకముఖ ప్రవాహం, అనగా డి.సి. దానికి ఒకే దిశ. ధన ధ్రువం ఎప్పుడూ ధనమే, ఋణ ధ్రువం ఎప్పుడూ ఋణమే.

కారు బ్యాటరీలో ఆరు ఘటాలు శ్రేణిలో ఉంటాయి. పూర్తిగా చార్జి అయిన ఒక్కొక్క ఘటం సుమారు 2.1 వోల్టులిస్తుంది. కాబట్టి పన్నెండు వోల్టుల బ్యాటరీ అని పేరు పెట్టినా, నిజానికి దాని వోల్టేజి 12.6. ఇంజను నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుతూ ఉంటుంది. అప్పుడు వోల్టేజి 13.8 నుండి 14.4 వరకు పెరుగుతుంది. కారు రేడియోలను తయారుచేసేవారు ఈ హెచ్చుతగ్గులను మనసులో పెట్టుకొనే వాటిని రూపొందిస్తారు. చాలా సెట్ల మీద 14.4 వోల్టులని వ్రాసి ఉండడానికి ఇదే కారణం. అటువంటి సెట్టు 12 వోల్టులకూ పనిచేస్తుంది, 14 వోల్టులకూ పనిచేస్తుంది. కాని 20 వోల్టులను భరించలేదు. లారీలలో, బస్సులలో సాధారణంగా 24 వోల్టుల ఏర్పాటు ఉంటుంది. కాబట్టి లారీనుండి తెచ్చిన సాధనం మీది అంకెను చదువకుండా దేనికీ కలుపరాదు.

సమస్య పాతదే

బ్యాటరీతో నడిచే సాధనాన్ని ఇంటి విద్యుత్తుతో నడపడం కొత్త సమస్య కాదు. 1920 ప్రాంతాలలో అమెరికాలో రేడియోలు బ్యాటరీల మీదనే నడిచేవి. ఇళ్ళకు విద్యుత్తు వచ్చినా రేడియోకు మాత్రం బ్యాటరీలు కొనవలసి వచ్చేది. ఆ ఖర్చును తప్పించడానికి బ్యాటరీ ఎలిమినేటరు అనే పెట్టె పుట్టింది. చికాగోలో పాల్ గాల్విన్, జోసెఫ్ గాల్విన్ సోదరులు 1928లో స్థాపించిన కంపెనీ మొదట తయారుచేసిన వస్తువు ఇదే. త్వరలోనే నేరుగా ఇంటి విద్యుత్తుతో నడిచే రేడియోలు వచ్చి ఎలిమినేటర్లకు గిరాకీ తగ్గింది. అప్పుడా కంపెనీ 1930లో కారు రేడియోను తయారుచేసి దానికి మోటరోలా అని పేరు పెట్టింది. ఇంటి విద్యుత్తును బ్యాటరీ రేడియోకు అందించినవారే తరువాత రేడియోను వాహనంలోకి ఎక్కించారు.

తెలుగు దేశంలోనూ ఇటువంటి స్థితి ఉండేది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. అప్పటికి ఎన్నో గ్రామాలకు విద్యుత్తు చేరలేదు. అక్కడ రేడియో వినాలంటే బ్యాటరీ సెట్టే శరణ్యం. ఉన్నత పాఠశాలల ప్రయోగశాలలలో బ్యాటరీ ఎలిమినేటరు అనే మాట నేటికీ వాడుకలో ఉన్నది.

పెట్టెలో జరిగే పని

డి.సి. సప్లై పెట్టెలో నాలుగు పనులు వరుసగా జరుగుతాయి. మొదట ట్రాన్స్‌ఫార్మరు 230 వోల్టులను తగ్గిస్తుంది. తరువాత డయోడ్లతో కూడిన ఏకధిక్కరణి ప్రవాహాన్ని ఒకే దిశకు మళ్ళిస్తుంది. ఇలా వచ్చిన ప్రవాహం ఒకే దిశలో పోయినా సమంగా ఉండదు; సెకనుకు నూరుసార్లు లేచి పడుతూ ఉంటుంది. పెద్ద కండెన్సరు ఆ గుంటలను పూడుస్తుంది. దీనినే నేడు కెపాసిటరు అంటున్నారు. చివరకు రెగ్యులేటరు వోల్టేజిని ఒకే అంకె వద్ద నిలుపుతుంది.

ఒక లెక్క చూస్తే ఈ వ్యవహారం తేటపడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు 12 వోల్టుల ఎ.సి. ఇస్తున్నదనుకొందాము. ఎ.సి.కి చెప్పే అంకె దాని శిఖరం కాదు. శిఖరం 12 × 1.414, అనగా దాదాపు 17 వోల్టులు. దారిలో ఉన్న రెండు డయోడ్లు సుమారు 1.4 వోల్టులను మింగుతాయి. కండెన్సరు మీద 15.6 వోల్టులు మిగులుతాయి. సెట్టు 2 ఆంపియర్లు తీసుకొంటే, 10,000 మైక్రోఫారడ్ల కండెన్సరు ఒక శిఖరానికీ మరొక శిఖరానికీ నడుమ సుమారు 2 వోల్టులు దిగుతుంది. కండెన్సరు చిన్నదైతే గుంట ఇంకా లోతుగా ఉంటుంది. చౌకబారు సప్లైకి కలిపిన రేడియోలో పాటతోపాటు వినిపించే 'బుయ్'మనే హోరుకు ఇదే కారణం.

నేడు ఎక్కువగా దొరికే ఎస్.ఎం.పి.ఎస్. అనే సప్లైలో పద్ధతి వేరు. అది మొదట ఇంటి ఎ.సి.ని డి.సి.గా మార్చి, దానిని సెకనుకు పదివేల లెక్కన తెంచి కలుపుతూ, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా పంపుతుంది. పని వేగంగా జరుగుతుంది కాబట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మరే చాలు. పెట్టె బరువు తగ్గుతుంది. మరొక సౌకర్యం కూడా ఉన్నది. పల్లెలలో బోరు మోటార్లు ఒక్కసారిగా నడిచినప్పుడు లైను వోల్టేజి తగ్గుతుంది. 230 వోల్టులు 180కి దిగితే, 12 వోల్టులిచ్చే సాధారణ ట్రాన్స్‌ఫార్మరు 9.4 వోల్టులే ఇస్తుంది. రెగ్యులేటరుకు చాలినంత మిగలదు. 100 నుండి 240 వోల్టుల వరకు పనిచేస్తుందని వ్రాసి ఉన్న ఎస్.ఎం.పి.ఎస్. ఈ తగ్గుదలను తట్టుకొంటుంది.

వోల్టు వేరు, ఆంపియరు వేరు

సెట్టుకు 2 ఆంపియర్లే చాలునని తెలిసినప్పుడు 10 ఆంపియర్ల సప్లైని కలిపితే కాలిపోదా అని చాలామంది సందేహిస్తారు. కాలిపోదు. కంభం చెరువులో నీరు ఎంత ఉన్నా కాలువలోకి వచ్చే నీరు తూము తెరిచిన మేరకే వస్తుంది. నీటిమట్టపు ఎత్తు వోల్టేజి వంటిది; చెరువు ఇవ్వగల నీరు సప్లై ఆంపియర్ల వంటిది; తూము తెరపి సెట్టు వంటిది. మట్టం మితిమీరితే తూముకు ప్రమాదం. చెరువు పెద్దదైనంత మాత్రాన తూముకు ప్రమాదం లేదు. కనుక వోల్టులు సరిపోవలె; ఆంపియర్లు సరిపోగా మిగలవలె.

మరి సెట్టు ఎన్ని ఆంపియర్లు తీసుకొంటుంది? సెట్టు ముఖాన నాలుగు స్పీకర్లకు 50 వాట్ల చొప్పున అని వ్రాసి ఉంటుంది. దానిని చూచి 200 వాట్ల సప్లై కావలెనని భయపడనక్కరలేదు. 4 ఓముల స్పీకరు మీద 14.4 వోల్టులు పూర్తిగా పడితే, 14.4 × 14.4 ÷ 4 = 51.8 వాట్లు. ఆ 50 అంకె పుట్టిన చోటు ఇదే. అది బ్యాటరీ వోల్టేజి అంతా క్షణకాలం స్పీకరు మీద నిలిచినప్పటి పరమావధి. శుద్ధమైన స్వర తరంగానికి ఇందులో సగమైనా రాదు. గదిలో మామూలు ధ్వనితో వినేటప్పుడు ఇటువంటి సెట్టు ఒకటి రెండు ఆంపియర్లతో సరిపెట్టుకొంటుంది. గట్టిగా పెట్టినప్పుడు మాత్రం, ముఖ్యంగా డోలు దెబ్బల వద్ద, ప్రవాహం క్షణకాలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుచేత ఇంటి వాడుకకు 5 ఆంపియర్ల సప్లై, గట్టి ధ్వని కావలసినవారికి 10 ఆంపియర్ల సప్లై తగినవి. సెట్టు వెనుకనున్న ఫ్యూజు మీది అంకె గరిష్ఠమైన హద్దును సూచిస్తుంది. ఎప్పుడూ అంత ప్రవాహం పోతుందని అర్థం కాదు.

దీపాలకు, పంపులకు ఆరంభంలో ఎక్కువ ఆంపియర్లు కావలె. 55 వాట్ల హెడ్‌లైటు దీపం 12 వోల్టుల వద్ద 4.6 ఆంపియర్లు తీసుకొంటుంది. కాని చల్లగా ఉన్నప్పుడు దాని తంతువు నిరోధం వేడి నిరోధంలో పదవ వంతు మాత్రమే. స్విచ్చి వేసిన క్షణాన 5 ఆంపియర్ల సప్లై తన్నుకొని ఆగిపోవచ్చును. సప్లై చెడిపోయిందని అనుకొనరాదు; దాని రక్షణ ఏర్పాటు పనిచేసినదని గ్రహించవలె.

చార్జరు సప్లై కాదు

ఈ పనిలో తరచుగా జరిగే పొరపాటు బ్యాటరీ చార్జరును సప్లైగా వాడడం. పాత తరహా చార్జరులో ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు మాత్రమే ఉంటాయి. కండెన్సరు ఉండదు, రెగ్యులేటరు ఉండదు. బ్యాటరీ కలిపి ఉన్నంతకాలం ఆ లోటు కనిపించదు. బ్యాటరీయే పెద్ద కండెన్సరువలె వోల్టేజిని పట్టి ఉంచుతుంది.

బ్యాటరీని తీసి రేడియోను కలిపితే ఏమవుతుంది? చార్జరు ట్రాన్స్‌ఫార్మరు 15 వోల్టుల ఎ.సి. ఇస్తున్నదనుకొందాము. శిఖరం 21 వోల్టులు. కాని డి.సి. వోల్టు మీటరు శిఖరాన్ని చూపదు, సగటును చూపుతుంది. ఈ ఆకారపు తరంగానికి సగటు శిఖరంలో 0.637 వంతు. డయోడ్ల నష్టాన్ని లెక్కించకపోతే మీటరు మీద కనిపించేది 13.5 వోల్టులు. చూచినవారు సరిగా కారు వోల్టేజియే ఉన్నదని సంతోషిస్తారు. రేడియోను కలుపగానే దాని లోపలి కండెన్సర్లు శిఖరం దాకా నిండుతాయి. సెట్టు మీద 20 వోల్టుల దాకా పడుతుంది. కండెన్సరు ఉబ్బుతుంది, లేదా లోపలి భాగాలు కాలుతాయి. మీటరు అబద్ధం చెప్పలేదు. అడిగినది సగటు కాబట్టి సగటు చెప్పినది. ఏ పరికరం ఏ రాశిని కొలుస్తున్నదో తెలిసికొనకుండా అంకెను నమ్మడంలోనే దోషం ఉన్నది. పాఠశాలల ఎలిమినేటర్లలోనూ కండెన్సరు లేనివి ఉంటాయి కాబట్టి ఉపాధ్యాయులు ఈ విషయం గమనించవలె.

ఏ సప్లై తగినది?

12 వోల్టుల ఎల్.ఇ.డి. దీపాల వరుసలకు, కెమెరాలకు అమ్మే ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెలు కారు రేడియోకు పనికివస్తాయి. పాత కంప్యూటరు సప్లై కూడా వాడవచ్చును. అందులో పసుపు తీగె 12 వోల్టులు, నలుపు తీగె ఋణ ధ్రువం. ఆకుపచ్చ తీగెను నలుపు తీగెకు కలిపితేనే అది మేల్కొంటుంది. 12 వోల్టుల వద్ద అది ఇవ్వగల ఆంపియర్లు పెట్టె మీది చీటీలో ఉంటాయి. అయితే దాని మూతను విద్యార్థులు తెరువరాదు. లోపలి కండెన్సరు 325 వోల్టుల వరకు నిండి ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు ఆ నిల్వ మిగిలి ఉండవచ్చును.

ఇంటిలోని ఇన్వర్టరు బ్యాటరీనుండి రేడియోకు తీగె లాగేవారూ ఉన్నారు. వోల్టేజి సరిపోతుంది, కరెంటు పోయినప్పుడు కూడా పాట వినవచ్చును. కాని ఆ బ్యాటరీ రెండు ధ్రువాలూ పొరపాటున కలిస్తే వందల ఆంపియర్లు పారి తీగె ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ ధన ధ్రువం ప్రక్కనే ఫ్యూజు లేకుండా ఒక్క తీగెనైనా కలుపరాదు. చార్జి అయ్యేటప్పుడు బ్యాటరీనుండి హైడ్రోజను వెలువడుతుంది కాబట్టి అక్కడ గాలి ఆడవలె, నిప్పురవ్వ ఉండరాదు.

తీగెల కలయిక

సెట్టు చీటీని చదివిన తరువాతనే తీగెలను కలుపవలె. విడిగా కొని బిగించిన సెట్లలో సాధారణంగా పసుపు తీగె జ్ఞాపకశక్తికి, అనగా గడియారాన్ని, స్టేషన్లను గుర్తుంచుకొనడానికి ఎప్పుడూ విద్యుత్తు కోరుతుంది. ఎరుపు తీగె వాహనపు తాళంచెవితోపాటు తెరచుకొనేది. నలుపు తీగె ఋణ ధ్రువం. ఇంటిలో పసుపునూ ఎరుపునూ జోడించి ఫ్యూజు ద్వారా ధన ధ్రువానికి కలుపవలె. నీలం తీగె విద్యుత్తును బయటికిచ్చేది. దానిని విడిగా టేపు చుట్టి వదలవలె. స్పీకర్లకు వెళ్ళే జంట తీగెలలో దేనినీ నలుపు తీగెకు కలుపరాదు. ఈ సెట్లలో స్పీకరు రెండు కొనలనూ ఆంప్లిఫయరే నడుపుతుంది. ఒక కొనను ఋణానికి కలిపితే ఆంప్లిఫయరు కాలుతుంది.

సప్లైని సెట్టుకు దగ్గరగా ఉంచవలె. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగెతో 10 మీటర్ల దూరం లాగితే, పోవడానికీ రావడానికీ 20 మీటర్లు. దాని నిరోధం సుమారు 0.46 ఓము. 8 ఆంపియర్ల వద్ద 3.7 వోల్టులు తీగెలోనే నశిస్తాయి. అదే 2 మీటర్లయితే నష్టం 0.7 వోల్టు మాత్రమే. అందుచేత పొడవు కావలసి వస్తే 230 వోల్టుల వైపు మంచి మూడు పిన్నుల తీగెతో పెంచుకొని, 12 వోల్టుల తీగెను పొట్టిగా ఉంచడం మంచిది.

వాహనం లేదు కాబట్టి ఏరియలు కూడా లేదు. ఎఫ్.ఎం. ప్రసారాలకు, ఉదాహరణకు 100 మెగాహెర్ట్జ్‌కు, తరంగ దైర్ఘ్యం 3 మీటర్లు. అందులో నాలుగవ వంతు, అనగా 75 సెంటీమీటర్ల తీగెను ఏరియలు రంధ్రం నడిమి మొనకు కలిపి నిటారుగా నిలిపితే చాలు.

పాఠశాలలో ఒక ప్రయోగం

మోటారు సైకిలు ఇండికేటరుకు వాడే 12 వోల్టుల, 10 వాట్ల దీపాలు రెండు, ఒక వోల్టు మీటరు, ఒక ఆంపియరు మీటరు తీసుకొనవలె. 2 ఆంపియర్లు ఇవ్వగల, కండెన్సరు ఉండి రెగ్యులేటరు లేని ఎలిమినేటరుకు మొదట ఏ దీపమూ లేకుండా, తరువాత ఒక దీపంతో, పిమ్మట రెండు దీపాలను సమాంతరంగా కలిపి వోల్టులు చూడవలె. దీపాలు లేనప్పుడు 16 వోల్టులు, రెండు దీపాలు 1.8 ఆంపియర్లు తీసుకొన్నప్పుడు 13.3 వోల్టులు వచ్చాయనుకొందాము. తగ్గుదల 2.7 వోల్టులు. 2.7 ÷ 1.8 = 1.5 ఓములు. ఇది సప్లై అంతర్నిరోధం. ఇదే ప్రయోగాన్ని రెగ్యులేటరు గల సప్లైతో చేస్తే ముల్లు ఇంచుమించు కదలదు. ఆ రెండు వరుసల అంకెలతో గ్రాఫు గీస్తే మంచి సప్లై అంటే ఏమిటో విద్యార్థికి కంటికి కనిపిస్తుంది.

ప్రాణరక్షణ

ఇక మూడవ ప్రశ్న. ట్రాన్స్‌ఫార్మరులో రెండు చుట్టలుంటాయి. వాటి నడుమ విద్యుద్బంధకం ఉంటుంది. ఇంటి లైను ఒక చుట్టతో ఆగిపోతుంది. చేతికి అందేది రెండవ చుట్ట. ఈ విభజనయే మనిషికి రక్ష. కొందరు ట్రాన్స్‌ఫార్మరు లేకుండా కండెన్సరు ద్వారా, లేదా ఒకే చుట్ట గల ఆటోట్రాన్స్‌ఫార్మరు ద్వారా వోల్టేజిని తగ్గించే ఉపాయాలు చెప్పుతారు. అటువంటి ఏర్పాటులో రెండు తీగెల నడుమ 12 వోల్టులే ఉండవచ్చును. కాని ఏదో ఒక తీగెకూ నేలకూ నడుమ 230 వోల్టులుండవచ్చును. కారు రేడియో లోహపు పెట్టె దాని ఋణ తీగెకు కలిసి ఉంటుంది. అనగా పెట్టె మొత్తం లైనుతో సమానమవుతుంది. తడి నేల మీద నిలిచి దానిని తాకినవాని గతి చెప్పనక్కరలేదు. 12 వోల్టులు ఏమి చేయగలవన్న ధీమా ఇక్కడ ప్రాణాంతకం.

కాబట్టి ముద్రపడిన, మూత గల సప్లైనే కొనవలె. దాని ఎర్తు పిన్నును విరువరాదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే లైనును తెంచే రక్షక స్విచ్చి ఇంటిలో ఉంటే మరీ మంచిది. ధన తీగెలో తగిన ఫ్యూజు ఉండవలె. కాలిన ఫ్యూజు బదులు రాగి తీగె చుట్టరాదు. 12 వోల్టులు షాకు కొట్టకపోయినా నిప్పు పుట్టించగలవు. సప్లైని పరుపు మీద, గడ్డి ప్రక్కన ఉంచక, నిప్పంటని పొడి పీట మీద ఉంచవలె. మార్కాపురం పలకలు ఎరిగిన ఈ ప్రాంతంవారికి ఒక సంగతి ఆసక్తికరం. విద్యుత్తు కొత్తగా వచ్చిన రోజులలో అనేక దేశాలలో స్విచ్చిబోర్డులను పలకరాతితోనే చేసేవారు. నిప్పంటదు, పొడిగా ఉంటే విద్యుత్తును పోనీయదు అన్నవే దానికి కారణాలు. వేసవిలో ఈ ప్రాంతపు ఎండకు సప్లై మరింత వేడెక్కుతుంది కాబట్టి దాని గాలి రంధ్రాలను మూయరాదు. చీటీ మీది ఆంపియర్లలో మూడు వంతులు వాడి ఒక వంతు మిగల్చడం క్షేమం.

స్విచ్చి వేయబోయే ముందు ఒక వరుస పాటించవలె. సెట్టు కలుపకుండా సప్లై వోల్టులు, ధ్రువాలు చూడవలె. స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడదీసి, తీగెలు కలుపవలె. ప్రతి కలయికనూ టేపుతో కప్పవలె. ఫ్యూజును చూడవలె. అప్పుడే ప్లగ్గు పెట్టవలె. విద్యార్థులు ఈ పనిని ఉపాధ్యాయుని ఎదుట, లేదా విషయం తెలిసిన పెద్దల ఎదుట చేయవలె. ఓము నియమం పుస్తకంలో ఒక్క పంక్తి. పాత రేడియో ఒకటి ఇంటిలో సవ్యంగా పాడవలెనంటే ఆ పంక్తిని పెట్టెలో, తీగెలో, ఫ్యూజులో, దీపంలో అన్నిచోట్లా గుర్తుపట్టవలసి ఉంటుంది.